కాఫీ పిప్పితో బిస్కెట్లు చేస్తే ఇసుక తిన్నట్టుంది. ఎక్కడ పొరపాటు చేశాను?

బేకింగ్ బుజ్జి | శనివారం, ఉదయం 7:40

అందరికీ నమస్కారం. ఇంట్లో ఇద్దరం కలిసి రోజుకు నాలుగైదు కప్పుల కాఫీ తాగుతాం. ఫిల్టర్‌లో మిగిలిన పిప్పి రోజూ చెత్తబుట్టలోకే పోతుంది. మొన్న ఎవరో ఆ పిప్పితో బిస్కెట్లు చేసిన వీడియో చూసి నేనూ దిగాను. మైదాలో నాలుగో వంతు పిప్పి కలిపాను. ఓవెన్‌లో ఉన్నంతసేపూ ఇల్లంతా ఘుమఘుమ, రంగు కూడా చాక్లెట్ బిస్కెట్‌లా భలే వచ్చింది. తీరా కొరికితే పళ్ల కింద కరకర. మా ఆయన ఒకటి తిని, ఏమీ అనకుండా నీళ్లు తాగి, మిగతావి మర్యాదగా నా వైపు జరిపాడు.

రెండు సందేహాలు. ఈ ఇసుక పోయే దారి ఉందా? ఇంకోటి, బయట "కాఫీ పిండి" అని అమ్ముతున్నారట, అది కూడా ఈ పిప్పేనా?

వేపుడు గది | శనివారం, ఉదయం 8:15

ముందు రెండో ప్రశ్నకు: కాదండీ. చాలామంది ఇక్కడే తికమక పడతారు. కాఫీ పిండి అని అమ్మేది సాధారణంగా కాఫీ పండు తొక్కా గుజ్జూ ఎండబెట్టి మర పట్టించినది. అందులో గింజ ఉండదు, కాఫీ రుచీ ఉండదు. మీరు వేసింది వేయించి, పొడి చేసి, సారం దిగిపోయిన గింజ. రెండూ ఒకే చెట్టువి, అంతవరకే చుట్టరికం.

మధ్యలో మూడోది ఇంకొకటుంది, నా పొట్ట నింపేది కాదు గానీ నా గది నింపేది. గింజలు వేయిస్తుంటే రాలే పల్చటి పొట్టు. సిల్వర్‌స్కిన్ అంటారు, కాఫీ వేయించే మేం చాఫ్ అంటాం.

సందేహాలరావు | శనివారం, ఉదయం 8:32

మొత్తానికి పారేసేదానికి పేరు మార్చి మనచేత తినిపించే ఏర్పాటన్నమాట. రేపు కొబ్బరి పీచుతో కేక్ అంటారు.

ల్యాబ్‌కోటు | శనివారం, ఉదయం 9:50

రావు గారూ, తవుడు కూడా ఒకప్పుడు పశువులకే పోయేది. చీజ్ చేశాక మిగిలే విరుగుడు నీళ్లు ఫ్యాక్టరీలు కాలువల్లో వదిలేసేవి, ఇప్పుడు అదే వే ప్రొటీన్ డబ్బా. పేరు మారితే తిండి అవ్వదు, నిజమే. కానీ పారేసినంత మాత్రాన తిండి కాకుండానూ పోదు.

నేను ఆహార పదార్థాల పరీక్షల పనిలో ఉన్నాను కాబట్టి లెక్క కాస్త వివరంగా చెప్తాను. కాఫీ పండును అడ్డంగా కోస్తే పైన ఎర్రతొక్క, దాని కింద గుజ్జు, ఆ కింద జిగురు, తర్వాత గట్టి పెంకులాంటి పార్చ్‌మెంట్, దాని లోపల సిల్వర్‌స్కిన్, చిట్టచివర గింజ. మనకు కావలసింది ఆ చివరిదొక్కటే. 100 కిలోల ముగ్గిన పండ్లు కోస్తే చేతికొచ్చే పచ్చి (ఇంకా వేయించని) గింజలు 16 నుంచి 20 కిలోలు. తొక్క, గుజ్జు కలిపి 40 కిలోలకు పైనే పల్పర్ అనే తొక్క ఒలిచే యంత్రం దగ్గరే పక్కకు పోతాయి. మిగతాది జిగురు, పెంకు, ఆరిపోయే తేమ.

కథ అక్కడితో అయిపోలేదు. గింజ వేయించి పొడి చేసి కాఫీ దించితే, ఆ పొడి బరువులో కప్పులోకి వచ్చేది 18 నుంచి 22 శాతమే. అయిదింట నాలుగు వంతులు ఫిల్టర్‌లోనే ఉండిపోతుంది. ప్రపంచంలో ఏటా పండే పచ్చి గింజలు దాదాపు కోటి టన్నులు. ఒక టన్ను పచ్చి గింజలకు ఎండు లెక్కన సుమారు 650 కిలోల పిప్పి మిగులుతుంది. అంటే ఏటా 60 లక్షల టన్నులకు పైన. ఇన్‌స్టంట్ కాఫీ ఫ్యాక్టరీల్లో చాలావరకు దాన్ని బాయిలర్‌లో కాల్చి ఆవిరికి వాడుకుంటారు. ఇళ్లలో, కెఫేల్లో మిగిలేది మాత్రం చెత్తకుప్పకే.

బుజ్జి గారి ఇసుక సంగతి: పిప్పిలో ఎక్కువ భాగం నీళ్లలో కరగని పీచు. గింజ కణాల గోడలు రాయిలాంటివి, ఓవెన్ వేడికి మెత్తబడవు. మైదా నీళ్లు పీల్చి ఉబ్బుతుంది, ఇది ఉబ్బదు. నాలుక 30 మైక్రాన్ల (మైక్రాన్ అంటే మిల్లీమీటరులో వెయ్యో వంతు) లోపు రేణువులను దాదాపు గుర్తుపట్టదు, చాక్లెట్‌ను అంత మెత్తగా నూరేది అందుకే. మీ ఫిల్టర్ పొడిలో రేణువు కొన్ని వందల మైక్రాన్లు. కరకరమనక ఏం చేస్తుంది?

పీచు ప్రేమికుడు | శనివారం, ఉదయం 10:05

అంటే పీచు ఫుల్‌గా ఉందన్నమాట! యాంటీ ఆక్సిడెంట్లు కూడా ఉంటాయి కదా. నేనైతే రోజూ ఒక చెంచా పిప్పి పెరుగులో కలుపుకుని తింటా. బరువు తగ్గడానికి మంచిదని విన్నాను.

ల్యాబ్‌కోటు | శనివారం, ఉదయం 10:40

పీచు నిజమే, ఎండు పిప్పిలో సగానికి పైనే. బరువు తగ్గడం గురించి మీరు విన్నదానికి నేను పూచీ పడను. దానికంటే ముందు ఒక మాట. మీ కొలెస్ట్రాల్ ఎంత?

కాఫీ నూనెలో కెఫెస్టాల్, కావియోల్ అనే రెండు పదార్థాలుంటాయి. ఇవి రక్తంలో చెడు కొలెస్ట్రాల్‌ను పెంచుతాయి. కాగితం ఫిల్టర్‌తో వడకట్టిన కాఫీలో ఇవి దాదాపు కనిపించవు, కారణం అవి ఆ కాగితంలోనూ పిప్పిలోనూ చిక్కుకుపోతాయి. అంటే కాఫీ తాగేవాణ్ణి కాపాడిన ఫిల్టర్ ఆపిందాన్నే మీరు పెరుగులో కలుపుకుంటున్నారు. ఎండు పిప్పిలో 10 నుంచి 15 శాతం నూనె ఉంటుంది. ఎప్పుడో ఒక బిస్కెట్ అయితే టెన్షన్ పడక్కర్లేదు. రోజూ చెంచాడు అంటే డాక్టర్‌ను అడిగే మాట.

పీచు ప్రేమికుడు | శనివారం, ఉదయం 10:52

ఇది ఆ వీడియోలో ఎవరూ చెప్పలేదు 😐

వేపుడు గది | శనివారం, ఉదయం 11:20

ఆ వీడియోల్లో చెప్పనిది ఇంకోటుంది. దించిన పిప్పిలో సగానికి పైగా నీళ్లే. వెచ్చగా, తడిగా, మూత పెట్టి ఉంచితే మూడో రోజుకు పైన తెల్లటి నూగు వస్తుంది. మొదట్లో నేను ఎవరికో ఇద్దామని బకెట్‌లో పోగు చేసి, మూత తీసి, అదే వేగంతో మళ్లీ మూసేసిన మనిషిని. బుజ్జి గారూ, మీరు ఏ రోజు పిప్పి వాడారు?

బేకింగ్ బుజ్జి | శనివారం, మధ్యాహ్నం 12:10

ఉం... వారం రోజులది. డబ్బాలో దాచాను. ఫ్రిజ్‌లోనే లెండి. కానీ రోజూ పైన కొత్తది వేస్తూ వచ్చాను.

సందేహాలరావు | శనివారం, మధ్యాహ్నం 12:14

మీ ఆయన అదృష్టవంతుడు, ఒకటితో ఆపేశాడు.

పల్పర్ పక్కన | శనివారం, రాత్రి 9:30

ఆలస్యంగా చూశాను. నేను పండ్లు శుభ్రం చేసే యూనిట్‌లో పని చేస్తాను, కాబట్టి తొక్క గురించి నన్ను చెప్పనివ్వండి. ఇక్కడ అందరూ పిప్పి చుట్టూనే తిరుగుతున్నారు గానీ, తిండిగా అసలు విలువైనది తొక్క.

కోతల రోజుల్లో సాయంత్రానికి పల్పర్ కింద ఎర్రటి గుట్ట లేస్తుంది. మొదటి గంటలో దగ్గరకెళ్తే పుచ్చకాయ, తేనె కలిసిన వాసన. అరచేతిలో నొక్కితే జిగురు వేళ్ల మధ్య దారాల్లా సాగుతుంది. రాత్రి గడిచాక అదే గుట్టలో చెయ్యి పెడితే లోపల వేడి తగులుతుంది, పులుపు వాసన మొదలవుతుంది. రెండో రోజుకు నల్లబడి, చిన్న ఈగలు మేఘంలా లేస్తాయి. మూడో రోజు ఎరువుగుంటకు తప్ప దేనికీ పనికిరాదు. ఆ గుట్ట మీంచి వానకు కారిన నీళ్లు వాగులోకి పోతే, అందులోని చక్కెరలను కుళ్లబెట్టే సూక్ష్మజీవులు నీళ్లలోని ఆక్సిజన్‌ను మింగేస్తాయి. చేపలు తేలతాయి. పశువులకు మేపుదామంటే కెఫీన్, టానిన్లనే వగరు పదార్థాలు అడ్డం, కొంచెం మించి పెడితే అవి సరిగా తినవు.

మరి తినడానికి పనికొచ్చే తొక్క కావాలంటే ఏం చేయాలి? పొద్దున్నే బాగా ముగ్గిన పండ్లు మాత్రమే ఏరాలి, పచ్చివి, ఎండిపోయినవి, పురుగు తిన్నవి తీసేయాలి. మంచినీళ్లతో కడగాలి. పల్పర్‌ను ముందురోజు తుక్కు లేకుండా కడిగి ఉంచాలి. తొక్క బయటికి రాగానే ఎత్తుగా కట్టిన వలల మీద పల్చగా పరిచి, గంటకోసారి తిరగేయాలి. తేమ 12 శాతం లోపుకు రావాలి. చేత్తో నలిపితే పుటుక్కున విరగాలి, తోలులా వంగితే ఇంకా కాలేదన్నట్టు.

ఇదంతా చేయాల్సింది సరిగ్గా గింజల పని నెత్తి మీద ఉన్నప్పుడే. అవే చేతులు, అవే వలలు, అదే ఎండ. గింజ ఆరబెట్టాలా, తొక్క ఆరబెట్టాలా అంటే యజమాని ఏమంటాడో వేరే చెప్పాలా? తొక్క తిండి అవ్వకపోవడానికి కారణం రుచి కాదు, చోటూ మనుషులూ చాలకపోవడం.

ల్యాబ్‌కోటు | శనివారం, రాత్రి 10:05

ఈ పోస్టుకు దండం. పరీక్షకు వచ్చే నమూనాల్లో నేను మొదట వెతికేది ఇదే: ఎంత త్వరగా ఆరింది? నెమ్మదిగా ఆరితే కొన్ని రకాల బూజులు ఓక్రాటాక్సిన్ అనే విషాన్ని వదులుతాయి. మూత్రపిండాలకు చేటు చేసేది అది. వేడి చేసినా పూర్తిగా పోదు. పైగా గింజలో కంటే పైతొక్కలోనే ఎక్కువగా చేరుతుంది. వేయించిన కాఫీకి యూరోపియన్ యూనియన్ 2023 నుంచి పరిమితిని కిలోకు 5 మైక్రోగ్రాముల నుంచి 3కి తగ్గించింది. పురుగుమందుల సంగతీ అంతే. పిచికారీ పడేది తొక్క మీదే, గింజ మీద కాదు. గింజ కోసం పెంచిన తోటలో తొక్క కూడా తినాలంటే మందు వాడకం లెక్క మొదటినుంచీ మార్చుకోవాలి.

కషాయం కామయ్య | ఆదివారం, ఉదయం 6:55

ఎండిన తొక్కను కాచుకుని తాగడం కొత్త ఫ్యాషనేమీ కాదు. యెమెన్‌లో దాన్ని ఖిష్ర్ అంటారు, అల్లం వేసి కాస్తారు. బొలీవియాలో సుల్తానా అంటారు. ఇథియోపియాలోనూ తాగుతారు. ఈ మధ్య దుకాణాల్లో కనిపించే "కాస్కరా" అన్న పేరు స్పానిష్‌ది, తొక్క అని అర్థం. 2017 జనవరిలో స్టార్‌బక్స్ అమెరికాలో కాస్కరా లాటే పెట్టాక పేరు ఊరూరా పాకింది.

రుచి కాఫీలా ఉండదు. ఎండుద్రాక్ష, కొంచెం చింతపండు, చివర్లో తేనె. వేడినీళ్లలో అయిదారు నిమిషాలు చాలు, ఎక్కువసేపు ఉంచితే వగరు.

సందేహాలరావు | ఆదివారం, ఉదయం 7:20

కాస్కరా అని వెతికితే నాకు విరేచనాల మందు చూపిస్తోంది. ఇదేనా మీరు పొద్దున్నే తాగేది?

కషాయం కామయ్య | ఆదివారం, ఉదయం 7:31

హహహ, కాదు సార్! అది కాస్కరా సగ్రాడా, వేరే చెట్టు బెరడు. దాన్ని మందుల చీటీ లేకుండా విరేచనకారిగా అమ్మడానికి వీల్లేదని 2002లో అమెరికా మందుల నియంత్రణ సంస్థ ఎఫ్‌డీఏ తేల్చింది. పేర్లలో ఒక ముక్క కలిసింది, అంతే. కానీ మీరు అడగడం మంచిదైంది. ఆన్‌లైన్‌లో ఆర్డర్ చేసేవాళ్లు "కాఫీ పండు తొక్క" అని రాసి ఉందో లేదో చూసుకోండి. పొరపాటున అది తెప్పించుకుంటే ఆ రోజు ఆఫీసుకు సెలవే.

ల్యాబ్‌కోటు | ఆదివారం, ఉదయం 8:45

చట్టం ముక్క ఒకటి: ఐరోపాలో కాఫీ పండు తొక్క చాలా ఏళ్లు "కొత్త ఆహారం" కింద ఉండి, అనుమతి లేక అమ్మడానికి వీలు లేకుండా ఉండేది. 2020లో కాఫీ ఆకుల కషాయానికి, 2022 జనవరిలో ఎండిన తొక్కా గుజ్జుకు పానీయాలలో వాడేందుకు అనుమతి వచ్చింది. వేరే దేశాల్లో తరాలుగా తాగుతున్నారన్న ఆధారమే అక్కడ పని చేసింది. యెమెన్ వాళ్ల అలవాటు కాగితం మీద సాక్ష్యమైంది.

బేకింగ్ బుజ్జి | ఆదివారం, ఉదయం 9:30

తొక్క పిండి బేకింగ్‌లో ఎలా ఉంటుంది? ఎవరైనా నిజంగా వాడారా, లేక అందరూ చదివిందేనా?

వేపుడు గది | ఆదివారం, ఉదయం 10:10

వాడాను. మైదాలో 10 శాతం దగ్గర మొదలుపెట్టండి. నీళ్లు విపరీతంగా తాగుతుంది, ముద్ద గట్టిపడితే కంగారుపడి ఇంకా పిండి చల్లకండి, పాలో నీళ్లో పెంచండి. గ్లూటెన్ లేదు కాబట్టి బ్రెడ్ సరిగా పొంగదు. బిస్కెట్లు, కేక్‌లకు నయం. పులుపు ఉంటుంది, బేకింగ్ సోడా దానితో కలిసి కాస్త రంగు ముదురుతుంది. చాక్లెట్, ఖర్జూరంతో బాగా కుదిరింది. వెనిల్లాతో అసలు నచ్చలేదు, దగ్గుమందు గుర్తొచ్చింది.

ఇప్పుడు నా పొట్టు గురించి కూడా రెండు ముక్కలు. గింజ బరువులో కొద్ది శాతమే గానీ దూదిలా తేలిక, రోజు చివర పెద్ద సంచీ నిండుతుంది. చేతిలోకి తీసుకుని ఊదితే గది అవతలికి ఎగురుతుంది. అందులో సగానికి పైన పీచు, మాంసకృత్తులు కూడా బాగానే ఉంటాయి. పుట్టుకతోనే వేగిపోయి వస్తుంది కాబట్టి తేమ, బూజు గొడవ తక్కువ. పిప్పి, తొక్క, పొట్టు మూడింటిలో ఆరబెట్టే బాధ లేనిది ఇదొక్కటే. మరెందుకు ఎవరూ వాడరు? ఒకటి, అది నిప్పుకు స్నేహితుడు. పొట్టు పేరుకున్న పెట్టెలో ఒక్క నిప్పురవ్వ పడితే చాలు, కాఫీ వేయించే చోట్ల మంటలు లేవడానికి ముఖ్య కారణాల్లో ఇదొకటి. తిండికి దాచాలంటే ముందు నిప్పు దూరంగా దాచాలి. రెండు, యంత్రం లోపలి మసి, గ్రీజు తగలని చోటినుంచే తీయాలి. నా యంత్రం అలా కట్టింది కాదు. కాబట్టి నాది చెట్ల పాదుల్లోకే.

ల్యాబ్‌కోటు | ఆదివారం, ఉదయం 10:35

మూడోది: అక్రిలమైడ్ అనే హానికర పదార్థం. పిండి పదార్థాలు, గింజలు గట్టిగా వేగినప్పుడు పుట్టేది. కాఫీలో ఉంటుంది, పొట్టులోనూ ఉంటుంది. వేయించిన కాఫీకి ఐరోపాలో కిలోకు 400 మైక్రోగ్రాములు అన్న గీటురాయి పెట్టి చూస్తారు. కాఫీని కషాయంగా తాగుతాం, పొట్టును మొత్తంగా నమిలి మింగుతాం. ఆ తేడా మర్చిపోకూడదు.

పుట్టగొడుగు పిచ్చి | ఆదివారం, సాయంత్రం 5:15

పిప్పిని నేరుగా తినడం మీదే పడ్డారేంటి అందరూ? దాన్ని ముందు ఆయిస్టర్ పుట్టగొడుగులకు పెట్టండి, అవి తిన్నాక మీరు వాటిని తినండి. అప్పుడే దించిన పిప్పి వేడినీళ్లు తగిలి ఉంటుంది కాబట్టి చాలావరకు శుభ్రంగానే ఉంటుంది, అదే రోజు విత్తనం కలపాలి. 2009లో అమెరికాలో ఇద్దరు కాలేజీ కుర్రాళ్లు కెఫేల పిప్పి మీద పుట్టగొడుగులు పెంచి బ్యాక్ టు ది రూట్స్ అనే కంపెనీయే పెట్టారు. నేను పిప్పిలో కొంచెం తరిగిన ఎండుగడ్డి కలుపుతాను, లేకపోతే అణిగిపోయి గాలాడదు. మొదటి మూడు సంచులూ పచ్చబూజు పట్టి పోయాయి, ముందే చెప్తున్నా. నాలుగోదానిలో గుత్తి అరచేయంత వచ్చింది.

పైగా ఇంట్లో కుక్క ఉన్నవాళ్లు పిప్పిని కుండీల్లో పైపైన చల్లకండి. మిగిలిన కెఫీన్ కుక్కలకు విషం.

సందేహాలరావు | ఆదివారం, సాయంత్రం 6:00

ఇంతసేపటికి ఒక్క మాట నచ్చింది.

బేకింగ్ బుజ్జి | తర్వాతి శనివారం, సాయంత్రం 4:20

అప్‌డేట్. ఈ వారం రెండు వాయిలు చేశాను.

మొదటిది పిప్పితో. ఈసారి పొద్దున్న దించింది పొద్దున్నే ట్రేలో పల్చగా పరిచి, ఓవెన్ 100 డిగ్రీల దగ్గర పెట్టి, మధ్యమధ్య కలుపుతూ పూర్తిగా ఆరబెట్టాను. చక్కెరతో కలిపి మిక్సీలో తిప్పి, సన్న జల్లెడ పట్టి, పైన మిగిలింది పారేశాను. మైదాలో 5 శాతమే. ఇసుక దాదాపు పోయింది. నిజం చెప్పాలంటే కాఫీ రుచి కూడా పోయింది. రంగు కోసం ఇంత కష్టం ఎందుకా అనిపించింది, కోకో ఒక చెంచా వేస్తే అయిపోయేది.

రెండోది తొక్క పిండితో, ఖర్జూరం వేసి. ఇది హిట్! 400 గ్రాముల మైదాకు 40 గ్రాములు వేశాను, 20 బిస్కెట్లు వచ్చాయి. మా ఆయన రాత్రి భోజనం తర్వాత టీవీ ముందు కూర్చుని ఎనిమిది తిన్నాడు. నేను లెక్కపెట్టాను.

ల్యాబ్‌కోటు | తర్వాతి శనివారం, సాయంత్రం 4:45

పిండిలో కెఫీన్ ఎంతని ప్యాకెట్ మీద ఉందా?

బేకింగ్ బుజ్జి | తర్వాతి శనివారం, సాయంత్రం 4:52

1 శాతం అని ఉంది. ఎందుకు?

ల్యాబ్‌కోటు | తర్వాతి శనివారం, సాయంత్రం 5:01

బిస్కెట్‌కు 2 గ్రాముల పిండి, అంటే 20 మిల్లీగ్రాముల కెఫీన్. ఎనిమిదింటికి 160. గట్టి కాఫీ ఒకటిన్నర కప్పు తాగినట్టు, అదీ రాత్రి పడుకోబోయే ముందు. పెద్దవాళ్లకు ఒకేసారి 200 దాటకపోతే భయం లేదని ఐరోపా ఆహార భద్రతా సంస్థ 2015లో చెప్పింది కాబట్టి ప్రమాదమేమీ లేదు. గర్భిణులకు ఆ 200 రోజు మొత్తానికి. పిల్లలకు మాత్రం ఈ డబ్బా అందనివ్వకండి, వాళ్లకు అది మామూలు బిస్కెట్‌లాగే కనిపిస్తుంది.

బేకింగ్ బుజ్జి | తర్వాతి శనివారం, సాయంత్రం 5:06

అందుకా! రాత్రి ఒంటిగంటన్నరకు లేచి చూస్తే మనిషి పక్కన లేడు. వంటింట్లో మసాలా డబ్బాలన్నీ దించి, తుడిచి, అక్షరమాల వరసలో పెడుతున్నాడు.

సందేహాలరావు | తర్వాతి శనివారం, సాయంత్రం 5:09

ఆ రెసిపీ కొంచెం పంపగలరా? మా ఇంట్లో అటక సర్దాలి.